ఓడకూ ఉంటుంది ఒక టీసీ

జగదల్‌పూర్ నుంచి సముద్రం చూడాలంటే కిరండూల్ రైలెక్కి, కోరాపుట్, అరకు మీదుగా సొరంగాలు లెక్కపెట్టుకుంటూ విశాఖపట్నం దాకా పోవాలి. మీలో చాలామందికి ఆ దారి కంఠతా వచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజం పోయే దారి కూడా అదే. 1960లలో జపాన్‌కు ఖనిజం పంపడం కోసమే ఆ లైను వేశారు. మన కొండల నుంచి ఇనుము సముద్రానికి పోతుంది, సరే. మరి సముద్రం నుంచి మనకేం వస్తుంది?

ఎనిమిదో తరగతి తెలుగు పీరియడ్‌లో ఈ ప్రశ్నకు జవాబు అనుకోకుండా దొరికింది. ఆ రోజు రవాణా మాటలు చెబుతున్నాను: రేవు, ఓడ, లంగరు, సరుకు. ఒక్కో మాటతో ఒక్కో వాక్యం చెప్పమన్నాను. వాళ్ల నాన్నగారు సీఐఎస్ఎఫ్‌లో ఉన్నారు, విశాఖ నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన అబ్బాయి. లేచి నిలబడి, "పామాయిల్ సరుకు ఓడలో వస్తుంది. ట్యాంకు కడిగిన నీళ్లు రేవులో వదిలితే ఆ ఓడను ఆపేస్తారు" అన్నాడు. అడిగింది ఒక వాక్యం, చెప్పింది రెండు. వెంటనే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "తినే నూనెకి కూడా ఆపేస్తారా మేడమ్? అది విషమా? మరి మేం రోజూ పూరీలు తింటాం కదా!" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు మాత్రం నా దగ్గర లేదు. వచ్చే శనివారం చెబుతానన్నాను.

ఇంటికొచ్చి వంటింట్లో ఉన్న నూనె ప్యాకెట్ తిప్పి చూశాను. ప్యాక్ చేసిన ఊరి పేరు కాకినాడ అని ఉంది. అంటే సముద్రం నుంచి మన బస్తర్‌కు వచ్చేది ఇది. మలేషియా, ఇండొనేషియాల నుంచి ఓడలో కాకినాడకు, అక్కడి నుంచి లారీలో మన సంజయ్ మార్కెట్‌కు.

జగదల్‌పూర్ నాకు ఐదో పోస్టింగు. అంతకుముందు కాండ్లా రేవుకు దగ్గరగా గాంధీధామ్‌లో ప్రైమరీ టీచర్‌గా ఉన్నాను. అక్కడ రోడ్డు పక్కన గుండ్రటి ఉక్కు ట్యాంకులు వరసలు వరసలుగా కనబడేవి. వాటిలో ఏముందో నేనెప్పుడూ అడగలేదు. విశాఖలో ఉన్నప్పుడు మా పక్కింట్లో రిటైరైన చీఫ్ ఇంజనీరు ఒకాయన ఉండేవారు. రసాయన ట్యాంకర్లలో చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆ రాత్రి ఆయనకు ఫోన్ చేశాను.

"బాబాయిగారూ, పామాయిల్ విషమా?"

"ఎవరన్నారమ్మా? మనకి తిండే. సముద్రానికి తిండి కాదు, అంతే. చట్టంలో దాన్ని హానికర ద్రవం అంటారు. దాన్ని మోసే ఓడ దగ్గర సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే రేవు దాటనివ్వరు."

ఆ తర్వాత గంటసేపు మాట్లాడారు. ఆయన దగ్గర విన్నదీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే పెద్ద నూనె ఓడ ఇంగ్లండు నైరుతి తీరంలో రాళ్లకు కొట్టుకుని పగిలింది. ముడి చమురు బ్రిటన్, ఫ్రాన్స్ తీరాల వెంట పరుచుకుంది. ఓడల వల్ల సముద్రం పాడవకుండా అన్ని దేశాలకూ ఒకే నియమం ఉండాలని అప్పుడు గట్టిగా అనిపించింది. 1973లో లండన్‌లో ఒక ఒప్పందం కుదిరింది, 1978లో దానికి మరికొంత చేర్చారు. దాని పొట్టి పేరు మార్పోల్. అందులో మొదటి భాగం పెట్రోలు, డీజిలు, ముడి చమురు లాంటి ఖనిజ నూనెల గురించి. రెండో భాగం మన పాఠం. డ్రమ్ముల్లో కాకుండా ఓడ ట్యాంకుల్లోనే నేరుగా పోసి తీసుకుపోయే మిగతా హానికర ద్రవాల గురించి అది చెబుతుంది. 1987 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉంది. 2007 జనవరి 1న దాన్ని బాగా సవరించి కొత్తగా తెచ్చారు.

ఈ ద్రవాలను నాలుగు గుంపులు చేశారు. శనివారం క్లాసులో నేను బోర్డు మీద కొన్ని పేర్లు రాసి, ఏది ఎక్కువ హాని చేస్తుందో చెప్పమన్నాను. కోల్ తారు, గంధకామ్లం, పామాయిల్, స్పిరిట్, మొలాసిస్, మంచినీళ్లు. నీళ్ల పేరు చూసి మళ్లీ నవ్వు. కానీ నీళ్లు నిజంగానే ఆ జాబితాలో ఉన్నాయి! చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్, యాపిల్ రసం, గ్లూకోజు ద్రావణం, నీళ్లు: ఇవి చివరి గుంపు, ఓఎస్. వీటివల్ల హాని లేదని తేల్చారు కాబట్టి వీటికి ఈ నియమాలు వర్తించవు. కాస్త హాని చేసేవి జెడ్ గుంపు. ఎరువుల ఫ్యాక్టరీలకు వచ్చే ఫాస్ఫారిక్ ఆమ్లం, స్పిరిట్ అందులోకి వస్తాయి. ఇంకాస్త ఎక్కువ హాని చేసేవి వై గుంపు. గంధకామ్లం, కాస్టిక్ సోడా ద్రావణం, బెంజీన్ ఇక్కడున్నాయి. వీటి పక్కనే మన పామాయిల్ కూడా! అన్నిటికంటే ప్రమాదమైనవి ఎక్స్ గుంపు, సముద్రంలో అస్సలు వదలకూడనివి. ఉక్కు ఫ్యాక్టరీల్లో బొగ్గును కోక్ చేసేటప్పుడు వచ్చే కోల్ తారు ఆ గుంపులో ఉంది. నగర్నార్ పిల్లలు ఈ మాట ఇంట్లో అడిగి చూడండి, కోక్ ఓవెన్ గురించి నాకంటే మీ నాన్నలకే బాగా తెలుసు.

2007కు ముందు పామాయిల్ మీద ఇంత కట్టడి లేదు. తినే వస్తువే కదా అని తేలిగ్గా తీసుకున్నారు. తర్వాత లెక్క మారింది. ఆ కారణం చెప్పడానికి మనకు బస్తర్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. సంతలో అమ్మే టోరా నూనె చూశారు కదా, మన ఇప్పగింజల నూనె. చలికాలం పొద్దున సీసా తిప్పినా కిందికి రాదు, నెయ్యిలా గడ్డకట్టి ఉంటుంది. పామాయిల్ కూడా అంతే. సుమారు 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సముద్రం అంత వేడిగా ఉండదు. నీళ్లలో పడితే గడ్డలు గడ్డలుగా తేలుతుంది. తేలే గడ్డను పక్షి ముక్కుతో పొడుస్తుంది, ఈకలకు అంటించుకుంటుంది. ఈకలు జిడ్డయితే పక్షికి చలి ఆగదు, నీటి మీద తేలలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గడ్డ దారిలో డీజిలు, చెత్త, సూక్ష్మజీవులు పట్టించుకుని వస్తుంది. బ్రిటన్ తీరంలో అలాంటి గడ్డలు తిని కుక్కలు జబ్బుపడ్డాయి. అందుకే సముద్రపు ఒడ్డున తెల్లటి మైనం ముద్దలాంటిది కనబడితే ముట్టుకోకూడదు.

"అయితే ఓడవాళ్లు నూనెను సముద్రంలో ఎందుకు పోస్తారు మేడమ్? అది డబ్బు కదా" అని ఇంకో ప్రశ్న. మంచి ప్రశ్న. సరుకు ఎవరూ పారబోయరు. గొడవంతా మిగిలినదానితోనే.

దీనికి క్లాసులో ఒక పని చేశాం. ఒక లీటరు నూనె ప్యాకెట్ మూల కత్తిరించి గిన్నెలో పోశాం. చుక్కలు ఆగేదాకా పట్టుకున్నాం. ఖాళీ అయిందన్నారు పిల్లలు. అప్పుడు ప్యాకెట్‌ను నిలువునా చీల్చి, లోపల చెంచాతో గీకాం. చెంచాలో నూనె కనబడింది. ఓడ ట్యాంకులో వందల టన్నుల సరుకు ఉంటుంది. పంపు లాగగలిగినంత లాగినా అడుగున, గొట్టాల్లో, పంపు దగ్గరి గుంటలో కొంత మిగులుతుంది. తర్వాత సరుకు వేరేదైతే ట్యాంకు కడగాలి. నిన్న గంధకామ్లం మోసిన ట్యాంకులో ఇవాళ వంటనూనె పోయలేం కదా! ఆ కడిగిన నీళ్లు ఎక్కడికి పోవాలన్నదే అసలు విషయం.

2007 జనవరి 1 తర్వాత కట్టిన ఓడలో ఒక్కో ట్యాంకులో, దాని గొట్టాల్లో కలిపి మిగిలేది 75 లీటర్లకు మించకూడదు. అంటే 15 లీటర్ల నూనె డబ్బాలు ఐదు. అంత పెద్ద ట్యాంకులో ఐదు డబ్బాలే! 1986కు ముందు కట్టిన పాత ఓడలకు ఎక్స్, వై గుంపుల సరుకైతే 300 లీటర్ల దాకా అనుమతి ఉండేది. పంపులు మెరుగయ్యాయి, అనుమతి తగ్గింది. నాకు ఇందులో నచ్చిన సంగతి ఇది: ఈ 75 లీటర్లు కాగితం మీద లెక్కగట్టి వదిలేయరు. కొత్త ఓడకు సర్టిఫికెట్ ఇచ్చే ముందు ట్యాంకులో నీళ్లు పోసి, ఓడ పంపుతోనే లాగించి, మిగిలిన నీళ్లను కొలిచి చూస్తారు. మనం చెంచాతో గీకినట్టే.

కడిగిన నీళ్లను సముద్రంలో వదలాలంటే ఓడ నడుస్తూ ఉండాలి, వేగం 7 నాట్లకు తగ్గకూడదు, అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్లు. తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతల, అంటే సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. అక్కడ లోతు 25 మీటర్లయినా ఉండాలి. నీళ్లు పైనుంచి కాకుండా ఓడ అడుగు భాగంలోని గొట్టం నుంచి పోవాలి. ఎక్స్ గుంపు సరుకైతే ముందు రేవులోనే కడగాలి. ఆ నీళ్లను రేవు దగ్గరి వ్యర్థాల ట్యాంకుకే ఇవ్వాలి, అందులో సరుకు పాలు 0.1 శాతానికి తగ్గేదాకా. ప్రభుత్వం నియమించిన సర్వేయర్ చూసి ఓడ పుస్తకంలో సంతకం పెట్టాలి. వై గుంపులో బాగా చిక్కటివీ, త్వరగా గడ్డకట్టేవీ అయితే వాటికీ ఇంతే. అంటార్కిటికా సముద్రంలో ఏ గుంపు సరుకు నీళ్లయినా వదలడం పూర్తిగా నిషేధం.

ఇక సర్టిఫికెట్ సంగతి. మీ నాన్న స్కూటర్‌కు పెట్రోలు బంకు దగ్గర పొగ పరీక్ష చేయించి ఒక కాగితం తీసుకుంటారు కదా. ఇది ఓడకు అలాంటిది. కాకపోతే స్కూటర్ కాగితం అయిదు నిమిషాల్లో వస్తుంది. ఓడకు సర్వేయర్ వచ్చి ట్యాంకులు, పంపులు, గొట్టాలు, కడిగే యంత్రాలు, నీటి కింద వదిలే గొట్టం, అన్నీ తిరిగి చూడాలి. ఏ సరుకును ఎలా దించాలి, ఎలా కడగాలి అని రాసిన ఒక పుస్తకం ఓడలో ఉండాలి, దాన్ని కూడా ప్రభుత్వం ఆమోదించి ఉండాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన ప్రణాళిక ఉండాలి. అప్పుడు సర్టిఫికెట్ ఇస్తారు. ఆ ఓడ ఏయే ద్రవాలు మోయవచ్చో దాంట్లో జాబితాగా ఉంటుంది. జాబితాలో లేని ద్రవం ఎక్కించకూడదు. రసాయనాల కోసమే కట్టిన ట్యాంకర్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అని వేరే పేరుతో ఇస్తారు, విలువ దీనితో సమానం.

ఇది గరిష్ఠంగా ఐదేళ్లు చెల్లుతుంది. కానీ ఐదేళ్లూ నిశ్చింతగా ఉండడానికి లేదు. ఏటా ఒక సర్వే, రెండో ఏడో మూడో ఏడో మధ్యలో ఇంకాస్త లోతైన సర్వే, గడువు ముగిసేముందు మళ్లీ మొత్తం. మధ్యలో ఓడ దెబ్బతిని పెద్ద మరమ్మతు చేస్తే అదనంగా ఇంకో సర్వే. ఒక్క సర్వే తప్పినా సర్టిఫికెట్ చెల్లదు. గడువు ముగిసే రోజుకు ఓడ నడిసముద్రంలో ఉంటే? దానికీ ఏర్పాటుంది: సర్వే జరిగే రేవుకు చేరడానికి మాత్రమే మూడు నెలల దాకా పొడిగిస్తారు.

ఎవరిస్తారు? ఓడ ఏ దేశం జెండా కట్టుకుంటే ఆ దేశ ప్రభుత్వం. మన జెండా ఉన్న ఓడకు కేంద్ర ప్రభుత్వం తరఫున ముంబైలోని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ చూసుకుంటుంది. దాని కింద మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులు రేవుల్లో ఉంటాయి, విశాఖలో కూడా ఒకటుంది. ప్రభుత్వం అధికారమిస్తే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ లాంటి సంస్థలు కూడా సర్వే చేస్తాయి. అది 1975లో ఏర్పడింది.

ఇప్పుడు మన బదిలీ పిల్లలకు బాగా అర్థమయ్యే భాగం. ఓడలకూ బదిలీలుంటాయి. ఒక దేశం కంపెనీ ఇంకో దేశం వాళ్లకు ఓడను అమ్ముతుంది, జెండా మారుతుంది. జెండా మారిన రోజే పాత సర్టిఫికెట్ చెల్లకుండా పోతుంది. కొత్త దేశం తన కళ్లతో చూసుకుని, అన్నీ నియమం ప్రకారం ఉన్నాయని తృప్తి పడితేనే కొత్తది ఇస్తుంది. అలాగని పాత చరిత్ర పోదు. జెండా మారిన మూడు నెలల్లోగా కొత్త దేశం అడిగితే, పాత దేశం ఆ ఓడ సర్టిఫికెట్ల నకళ్లు, ఉంటే సర్వే నివేదికలు కూడా వీలైనంత త్వరగా పంపాలి.

ఇది చదివినప్పుడు నాకు టీసీయే గుర్తొచ్చింది. ఈ మధ్య ఆ విశాఖ అబ్బాయి టీసీకి వివరాలు నేనే నింపాను, వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. చదివిన తరగతి, హాజరు, ఫీజు బాకీ లేదు, నడవడి మంచిది. కొత్త ఊళ్లో అతన్ని ఎవరూ ఎరగరు. ఆ కాగితమే ముందు మాట్లాడాలి. మా టీచర్లకు టీసీ బదులు ఎల్‌పీసీ ఉంటుంది, పాత ఆఫీసు ఇచ్చే ఆఖరి జీతం సర్టిఫికెట్. ఒకసారి ఒక చోట నుంచి నా ఎల్‌పీసీ రావడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ జీతం లేదు. కాగితం అంటే చులకనగా మాట్లాడేవాళ్లకు ఆ అనుభవం లేదని అనుకుంటాను.

అయితే కాగితం ఉంటే చాలా? చాలదు. విదేశీ ఓడ మన రేవుకొస్తే మన అధికారులు ఎక్కి చూడవచ్చు. సర్టిఫికెట్ సరిగా ఉండి, ఓడ కూడా దానికి తగ్గట్టు ఉంటే సరే. కాగితంలో ఒకటి, ఓడలో ఒకటి కనబడితే ఓడను ఆపే అధికారం ఉంది. దీనికి పనికొచ్చేది సరుకు రికార్డు పుస్తకం. ఏ రోజు ఏ ట్యాంకులో ఏది నింపారు, ఎక్కడ దించారు, ఎప్పుడు కడిగారు, నీళ్లు ఎక్కడ వదిలారు, అంతా అందులో రాయాలి. ప్రతి పనికీ చేయించిన ఆఫీసర్ సంతకం, ప్రతి పేజీకీ కెప్టెన్ సంతకం. ఆఖరి నమోదు తర్వాత మూడేళ్లు ఆ పుస్తకం దాచాలి. మా హాజరు పట్టీ దీని ముందు ఎంత! బాబాయిగారు అన్నారు: "పుస్తకం మరీ శుభ్రంగా, ఒకే ఇంకుతో, ఒకే రాతతో ఉంటే నేను ముందు అనుమానపడతానమ్మా. నిజంగా రోజూ రాసిన పుస్తకానికి నూనె మరక ఉంటుంది."

విశాఖలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మీలో కొందరు అప్పుడు అక్కడే ఉన్నారు, చిన్నపిల్లలు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. స్టైరీన్ ప్లాస్టిక్, థర్మోకోల్ తయారీకి వాడే ద్రవం. మన పాఠంలో వై గుంపు. ఓడలో వచ్చిన సరుకు.

స్టైరీన్‌కు ఒక గుణం ఉంది. వదిలేస్తే తనలో తానే గొలుసులా కలిసి గట్టిపడటం మొదలుపెడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. వేడికి ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే మందు కొద్దిగా కలుపుతారు. ఆ మందు కాలం గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది. అందుకే ఇలాంటి సరుకు ఓడెక్కేటప్పుడు తయారీదారు ఇచ్చే ఇంకో సర్టిఫికెట్ కూడా వెంట ఉండాలని నియమం. ఏ మందు కలిపారు, ఎంత, ఏ తేదీన, ఎంతకాలం పనిచేస్తుంది, ఏ ఉష్ణోగ్రత దాటకూడదు అని అందులో రాయాలి. ఆఖరి అంశం చూడండి: ప్రయాణం ఆ గడువు దాటితే ఏం చేయాలి.

ఆ సరుకు ఓడలో వచ్చినంతకాలం ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉన్నారు. ఒడ్డున ట్యాంకులోకి వచ్చాక అది లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలకుండా ఉండిపోయింది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. మందు తగినంత లేదు, చల్లబరిచే ఏర్పాటు సరిగా లేదు, ట్యాంకు అడుగున తప్ప పై పొరల్లో ఉష్ణోగ్రత తెలిసే సాధనం లేదు అని అందులో ఉంది. ప్రమాదం తర్వాత ఫ్యాక్టరీలోనూ రేవులోనూ మిగిలిన సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపేశారు. పోయేటప్పుడు మళ్లీ సర్టిఫికెట్లు, మళ్లీ రికార్డు పుస్తకం. సముద్రం మీద ఉన్నప్పుడు అంత జాగ్రత్తగా చూసే వస్తువును ఒడ్డున, మనుషుల ఇళ్ల పక్కన అలా ఎలా వదిలేశారని క్లాసులో అడిగారు. నేను బోర్డు వైపు తిరిగి సుద్దముక్క వెతుక్కున్నాను.

నియమం పాటించినా హాని జరిగిన కథ కూడా ఒకటుంది. 2013లో ఇంగ్లండు నైరుతి తీరానికి జిగురు పూసినట్టున్న సముద్ర పక్షులు కొట్టుకొచ్చాయి. నాలుగు నెలల్లో 4,000కు పైగా, ఎక్కువగా గిలెమాట్లు. పరీక్షిస్తే ఆ జిగురు పాలీఐసోబ్యూటిలీన్ అని తేలింది, కందెన నూనెల్లోనూ జిగురుల్లోనూ కలిపేది. అప్పట్లో దూరంగా సముద్రంలో కడిగిన నీళ్లు వదలడానికి దానికి చట్టం ఒప్పుకునేది. సర్టిఫికెట్ ఉన్న ఓడ, నియమం తప్పకుండానే అది వదలవచ్చు. పక్షుల ఫొటోలు చూసి జనం, పక్షి సంరక్షణ సంఘాలు పట్టుబట్టారు. ఆ ఏడే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆ జిగురు రకాన్ని ఎక్స్ గుంపులోకి మార్చింది.

పామాయిల్ విషయంలో 2021 జనవరి 1 నుంచి ఇంకో మార్పు వచ్చింది. నీటి మీద తేలుతూ త్వరగా కరగని సరుకుల ట్యాంకులను దించిన రేవులోనే ముందు కడిగి, ఆ నీళ్లు రేవుకే ఇవ్వాలి. మంచి నియమం. కానీ అది వాయవ్య ఐరోపా, బాల్టిక్, పశ్చిమ ఐరోపా, నార్వే సముద్రాలకు మాత్రమే. మన బంగాళాఖాతానికి కాదు. ఇక్కడ పామాయిల్‌ను సాధారణంగా 50 డిగ్రీలకు వేడిచేసి దించుతారు. కరిగే వేడి కంటే 10 డిగ్రీలకు పైగా ఎక్కువ ఉండటంతో పాత లెక్క ప్రకారం అది గడ్డకట్టే సరుకుల కిందికి రాదు, రేవులో కడగనక్కరలేదు. 12 మైళ్ల అవతల వదలవచ్చు. కాకినాడ పక్కన కోరింగ మడ అడవులున్నాయి, హోప్ ఐలాండ్ ఉంది, ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ తీరాలకు వస్తాయి. నార్వే పక్షికి దొరికిన రక్షణ మన తాబేలుకు ఎందుకు దొరకకూడదో నాకు అర్థం కాలేదు. బాబాయిగారిని అడిగితే, "అడిగిన దేశాలకు దొరికిందమ్మా" అన్నారు.

ఓడల సంగతి మనకెందుకు, మనం అడవిలో ఉన్నాం అనుకోకండి. మన ఇంద్రావతి చిత్రకూట్ దగ్గర దూకి, భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి కోరింగ పక్కనే సముద్రంలోకి పోతుంది. జగదల్‌పూర్‌లో మనం గిన్నె కడిగి కాలువలో పోసిన నూనె నీళ్లకు సర్వేయర్ లేడు, రికార్డు పుస్తకం లేదు. పూరీల అమ్మాయి ఇది విని, "మా అమ్మ మూకుడులో మిగిలిన నూనెను కాగితంతో తుడిచి తర్వాత కడుగుతుంది మేడమ్, అది ముందు కడగడమేనా?" అంది. దాదాపు అదే అన్నాను.

కొత్త మాటలు: రేవు అంటే ఓడలు ఆగే చోటు, హిందీలో బందర్‌గాహ్. సరుకు అంటే ఓడ మోసే సామాను. నకలు అంటే మరో ప్రతి, కాపీ. గడువు అంటే ఇచ్చిన కాలం. నమోదు అంటే పుస్తకంలో రాసుకోవడం. మడ అడవి అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవి.

చేయండి: ఒక ఓడలో 20 ట్యాంకులున్నాయి, ప్రతి ట్యాంకులో 75 లీటర్లు మిగిలితే మొత్తం ఎన్ని 15 లీటర్ల డబ్బాలవుతాయి? ఇంట్లో ఉన్న వంటనూనె, సబ్బు, పెయింటు డబ్బాల మీద ప్యాక్ చేసిన ఊరి పేర్లు చూసి, రేవు ఊళ్లు ఎన్ని ఉన్నాయో రాయండి. మీ ఆఖరి టీసీ నకలు చూసి, అందులో ఉన్న అంశాలను తెలుగులో రాయండి. ఓడ సర్టిఫికెట్‌లో ఉండి మీ టీసీలో లేనిది ఒకటి, మీ టీసీలో ఉండి ఓడ సర్టిఫికెట్‌లో లేనిది ఒకటి చెప్పండి. బదిలీ అయి వెళ్లినవాళ్లు జవాబులు కొత్త బడి నుంచి పోస్టులో పంపినా దిద్దుతాను.